చదవనివాళ్ళు వంద మంది కావలెను

ఆగండాగండి. ఎక్కడికీ కదలకండి. చేతిలో పనేదైనా ఉంటే ఓ పావుగంట పక్కన పెట్టేసి ఇది వినండి. చివర్లో మీరే ఓ మాట చెప్పాల్సి ఉంటుంది, కాబట్టి మధ్యలో లేచి వెళ్ళిపోతే కుదరదు.

లంగరుపేట శాఖా గ్రంథాలయంలో మెహెర్ జ్యోతి లైబ్రేరియన్. వయసు ఇరవై ఆరు. మొదటి పోస్టింగు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఓడలు రావడం మానేసిన పాత రేవు ఊరు అది. జనం లైబ్రరీకి ఫ్యాను కోసం వచ్చేవాళ్ళు, ఫ్యాను కింద కూర్చున్నందుకు మర్యాదగా ఓ పేపరు తిరగేసేవాళ్ళు. అలాంటి చోటికి ఆ ఏడు కొత్త పుస్తకాల కట్టలో ఓ నవల వచ్చింది. పేరు 'ఉప్పు కొటారు హత్యలు'. అంతే, ఊరు ఊరంతా చదవడం మొదలుపెట్టింది.

కథ ఈస్టిండియా కంపెనీ వాళ్ళ కాలంలో జరుగుతుంది. ఉప్పు పండించే కొటారులో శవం దొరుకుతుంది. నరసన్న అనే దుబాసీ, అంటే దొరలకి మన మాట, మనకి దొరల మాట చెప్పేవాడు, హంతకుడి కోసం వెతుకుతాడు. మొత్తం రెండు వందల అరవై పేజీలు, ఏడు హత్యలు. ఈ నరసన్నకి పోలయ్య అనే పడవ సరంగంటే ప్రాణం. స్నేహం కాదు, ప్రేమే. రచయిత దాన్ని దాచలేదు, డప్పూ కొట్టలేదు. వాన పడింది, నరసన్న పోలయ్య కోసం దీపం ఆర్పకుండా కూర్చున్నాడు, తెల్లారేసరికి ఇంకో శవం తేలింది, అంటూ ఒకే వరసలో చెప్పుకుంటూ పోయాడు.

జ్యోతి అందరికంటే ముందు రెండు రోజుల్లో చదివేసింది. ఆ తర్వాత పుస్తకాన్ని హాల్లో బల్ల మీద పెట్టింది. ఉన్నది ఒక్కటే కాపీ, ఇంటికిచ్చే రూలు లేదు, అక్కడే కూర్చుని చదవాలి. పక్కన ఓ నోటు పుస్తకం పెట్టి, మొదటి అభిప్రాయం తనే రాసి, చదివినవాళ్ళు తోచింది రాయండి అంది. తనతో కలిపి నలభై ఒక్క మంది రాశారు. కిరాణా కొట్టాయన 'హంతకుడెవరో అరవయ్యో పేజీలోనే కనిపెట్టాను, తప్పయింది' అని రాశాడు. నర్సమ్మ గారు 'హీరో గే అని తెలిసి మా ఆయన్ని చదవొద్దన్నాను, ఆయన నాకంటే ముందే చదివేశాడట' అని రాసింది. ఇంకెవరో 'వాళ్ళిద్దరూ కూర్చున్నప్పుడల్లా చేపల పులుసు తింటారు, చదివేవాళ్ళ సంగతి కూడా ఆలోచించాలి' అని పేరు లేకుండా రాశారు. ఒకాయన మాత్రం హీరో పద్ధతి తనకి నచ్చలేదని రెండు పేజీలు రాసి, చివర్లో రెండో భాగం ఎప్పుడొస్తుందని అడిగాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి 'పాఠకాభిప్రాయ మహోద్యమం' అని ఓ సర్క్యులరు వచ్చింది. కొత్త పుస్తకాల మీద పాఠకుల అభిప్రాయాలు పంపాలి, ఆలస్యం తీవ్రంగా పరిగణించబడును. మిగతా లైబ్రరీలు కంగారుపడుతుంటే జ్యోతి నలభై ఒకటీ అందంగా కాపీ చేసి మర్నాడే పంపేసింది. మెచ్చుకుంటారనుకుంది.

పది రోజులకి జీపొచ్చింది. అందులోంచి ఉప సంచాలకులు త్రిపురాంతకం గారు దిగారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరో గెజిట్ పైకి చదువుతున్నట్టుంటుంది.

"ఈ అభిప్రాయములు ఎవరివి?"

"పాఠకులవి సార్."

"వీరందరూ సదరు గ్రంథమును చదివియున్నారా?"

"అందరూ చదివారు సార్!" జ్యోతి మొహం వెలిగిపోయింది. "ముగ్గురైతే రెండోసారి కూడా చదివారు."

ఆయన కళ్ళజోడు తీసి జాలిగా చూశారు. "అదేనమ్మా లోపం. న్యాయస్థానములో తీర్పు చెప్పు న్యాయమూర్తికి ఆ కేసుతో సంబంధముండవచ్చునా?"

"ఉండకూడదు సార్."

"మరి పుస్తకముపై తీర్పు చెప్పు వ్యక్తికి ఆ పుస్తకముతో సంబంధముండవచ్చునా?"

జ్యోతి నోటు పుస్తకం ఆయన ముందుకు జరిపింది.

"వీరు పాఠకులే. కాదనుట లేదు. కాని ప్రభావిత పాఠకులు. రెండు వందల అరవై పేజీలు చదివి, కథలో లీనమై, కథానాయకునిపై మమకారము పెంచుకొని చెప్పిన మాటకు విలువేమున్నది? నిష్పాక్షిక అభిప్రాయమనగా ఇట్లుండవలెను." అంటూ ఫైల్లోంచి ఓ కాగితం తీశారు. ఎవరో పై ఊరి పెద్దమనిషి రాసిన ఫిర్యాదు అది. 'ఈ నవలా నాయకుడు స్వలింగాభిమాని అని విశ్వసనీయముగా తెలియవచ్చినది. నేను ఈ పుస్తకమును చదవలేదు, చూడలేదు, చదవబోను.'

"చూచితిరా? ఎంత స్వచ్ఛముగా ఉన్నదో! డైరెక్టరేటులో దీనిని అందరికీ చదివి వినిపించినారు."

తేలిందేమిటంటే, ఆ కాగితం పైవాళ్ళకి నచ్చిపోయి దాని మీదే కొత్త రూలు పుట్టింది. పుస్తకం షెల్ఫులో ఉండాలా వద్దా అన్నది ఇకపై దాన్ని చదవనివాళ్ళు చెప్పాలి. వంద మంది చెప్పాలి, అందులో కనీసం యాభై మంది 'ఉంచవచ్చు' అనాలి. నెల రోజులు గడువు. తేలకపోతే పుస్తకం చిత్తు కాగితాల్లోకి పోతుంది. ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడానికి లంగరుపేటలోని ఈ నవల కంటే మంచి పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?

"ఇప్పటికే నలభై ఒక్కరు నష్టపోయినారు," అన్నారు త్రిపురాంతకం గారు. "ఇంకొక్కరు కూడ ప్రభావితులు కారాదు. పుస్తకమును సీలు చేయుడు."

అటెండరు కొండబాబు లక్కా, కొవ్వొత్తీ తీసుకుని హాల్లోకి వెళ్ళాడు. కిటికీ పక్క బల్ల దగ్గర మంగరాజు గారు పుస్తకంలో తలదూర్చి ఉన్నారు. రేవులో సరుకు లెక్కబెట్టే గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, డెబ్బై రెండేళ్ళు.

"ఇలా ఇచ్చెయ్యండి బాబయ్య గారూ."

"పేజీ అవ్వనివ్వవయ్యా."

"అలాగలాగే అంటే పుస్తకం మొత్తం అయిపోద్దండి. వాక్యం అయ్యిందా? అయ్యింది కదా. ఆయ్, ఇచ్చెయ్యండి."

అలా రెండు వందల పన్నెండో పేజీలో పుస్తకం ఆయన చేతుల్లోంచి వెళ్ళిపోయింది.

మర్నాడు తలుపులు తీసేసరికి మంగరాజు గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అమ్మా, ఓ నలభై ఎనిమిది పేజీలుంటాయి. రెండు గంటలు చాలు నాకు. ఎవరికీ చెప్పను."

"సీలేశారండి. నేను తీస్తే నా ఉద్యోగం పోతుంది." "అంత కావాలంటే మిగతా కథ నేను చెప్తానండీ. హంతకుడెవరంటే..."

"హంతకుడెవరో చెప్పెయ్యండి, నాకేం బాధ లేదు. పోలయ్య తిరిగొచ్చాడా లేదా అన్నది మాత్రం చెప్పకండి."

రెండు వందల పన్నెండో పేజీలో పోలయ్య ఒక్కడే పడవేసుకుని ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాడు. సాక్షిని తేవడానికి. ఈశాన్యం గాలి లేచింది. నరసన్న ఒడ్డున నిలబడి ఉన్నాడు. అక్కడ ఆగింది.

"నా కోసం కాదమ్మా," అన్నారు మంగరాజు గారు. "ఇంట్లో అప్పలసూరి ఉన్నాడు. రేవులో ఓడల్ని లాగే టగ్గు మీద సరంగుగా చేశాడు, మీ నవల్లో పోలయ్యలాగే. ఇప్పుడు వాడికి చూపు సరిగా ఆనదు. నేనిక్కడ రోజుకి పదేసి పేజీలు చదివి వెళ్ళి వాడికి చెప్తున్నాను. వచ్చే నెల ఇరవై ఒకటో తారీకున విశాఖపట్నంలో వాడికి గుండె ఆపరేషన్. రానని మొండికేశాడు. 'ఆ గాలికి పడవ తిరిగి రాదు, నాకు తెల్దా? అది తేలీదాకా నానెక్కడికీ రాను' అంటాడు."

"వచ్చాడని చెప్పెయ్యండి మరి."

"చెప్పాను. 'ఆసుపత్రికి తోలడానికి నువ్వు కల్పించి చెప్తన్నావు, పుస్తకం తే, చదువు, పేజీ తిప్పిన చప్పుడు నాకినబడాలి' అన్నాడు." ఆయన నవ్వబోయి మానేశారు. "నలభై ఏళ్ళుగా ఒక్క గదిలో ఉంటున్నామమ్మా. నేను అబద్ధం చెప్తే వాడికి తెలిసిపోద్ది."

జ్యోతి ఆయన వంక చూసింది. ఫారాల కట్ట తీసుకుని, కొండబాబుని వెంటబెట్టుకుని వీధిలోకి నడిచింది. వంద మంది చదవనివాళ్ళు. ఈ దేశంలో అదేమంత కష్టం?

కష్టమే అయింది. ఎందుకంటే చెప్పాల్సిన వాక్యం కూడా పైనుంచే వచ్చింది. 'ఇది చారిత్రక అపరాధ పరిశోధక నవల, కథానాయకుడు గే.' ఇంతే చెప్పాలి. ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా అవతలి మనిషి ప్రభావితుడైపోతాడు. ఏడు హత్యల సంగతి చెప్పక్కర్లేదా అని జ్యోతి అడిగితే, హత్యల మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు కాబట్టి అనవసరమన్నారు.

టీ కొట్టాయన గ్లాసు కడుగుతూనే విన్నాడు. "గే అయితే నాకేటండి. చారిత్రకం అన్నారు కదా, గుర్రాలున్నాయా?"

"అది చెప్పకూడదండి."

"గుర్రాలుంటే ఉంచండి. లేకపోతే తీసెయ్యండి."

ఈ మాటని ఏ గడిలో వెయ్యాలో తెలీక పైకి రాస్తే, షరతులతో కూడిన అభిప్రాయాలు చెల్లవని మూడు రోజులకి జవాబొచ్చింది.

జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారు చాక్‌పీసు కింద పెట్టి గట్టిగా అన్నారు. "కంపెనీ కాలంలో ఇలాంటివాళ్ళు లేరు మేడం."

"లేరని ఎక్కడుందండి?"

"ఉన్నారని సిలబస్‌లో లేదు. పదేళ్ళుగా అదే పాఠం చెప్తున్నా, నాకెక్కడా తగల్లేదు. తొలగించాలి, రాసుకోండి."

రేవు గట్టున చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ మాత్రం శ్రద్ధగా వింది. "మొగోడు మొగోణ్ణి ఇష్టపడ్డాడా? సర్లే. ఆ రెండోవోడు తాగుతాడా?"

"తాగడండి," అనేసింది జ్యోతి.

"కొడతాడా?"

"అయ్యో, లేదండి. నరసన్నకి జ్వరమొస్తే మూడు రోజులు పడవెక్కడు."

"ఓర్నాయనో, ఇంకేటి కావాల? ఉంచీమ్మా, ఉంచు. నా మనవరాలికి అలాటోడు దొరికితే సాలు."

కొండబాబు తల గోక్కున్నాడు. "మేడం, మీరు తాగడని చెప్పేశారండి. జ్వరం సంగతి కూడా చెప్పేశారు. ఆవిడ పూర్తిగా ప్రభావితమైపోయిందండి బాబూ."

ఫారం చింపేశారు. ముసలమ్మకి మాత్రం అప్పట్నుంచీ జ్యోతి కనబడితే చాలు, ఆ పిల్లోడి జ్వరం తగ్గిందా అని అడగడం అలవాటైంది.

రెండో వారంలో త్రిపురాంతకం గారికి ఓ అనుమానమొచ్చింది. వీళ్ళు చదవలేదని గ్యారంటీ ఏమిటి? దాంతో అపఠన ధ్రువీకరణ పత్రం అని ఒకటొచ్చింది. సదరు వ్యక్తి సదరు పుస్తకాన్ని చదవలేదని గెజిటెడ్ అధికారి సంతకం పెట్టాలి. లంగరుపేటలో గెజిటెడ్ అధికారి అంటే పశువుల డాక్టరు గారొక్కరే. పొద్దున్నే గేదెల వెనకాల మనుషులు లైను కట్టారు. డాక్టరు గారు పాపం మంచివాడు, గేదెని చూసిన చేత్తోనే మనిషినీ ఓసారి చూసి, 'పరీక్షించితిని, చదివిన లక్షణములు కానరాలేదు' అని రాసి సంతకం పెట్టేవారు.

ఊళ్ళో దానికి గిరాకీ పెరిగింది. చదవలేదని గవర్నమెంటు స్టాంపు వేసి ఇస్తుంటే ఎవరు వదులుకుంటారు? ఒకాయన లామినేషన్ చేయించాడు. ఓ పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు బయోడేటాతో పాటు జతచేశారు, మా అబ్బాయి ఇలాంటివేవీ చదవడని. ముందుగా చదివేసిన ఆ నలభై ఒక్క మందీ వీధిలో తలొంచుకుని నడిచే పరిస్థితి వచ్చింది. కిరాణా కొట్టాయన జ్యోతిని పక్కకి పిలిచి, "అమ్మాయ్, నేను సగం పేజీలు గబగబా తిప్పేశాను, దాన్ని చదవడం అనరు కదా?" అని బతిమాలాడు.

మూడో వారంలో ఇంకో మెట్టెక్కారు. పత్రాలు నమ్మడానికి లేదు, మౌఖిక పరీక్ష పెట్టాలి. త్రిపురాంతకం గారే స్వయంగా వచ్చి లైబ్రరీలో కుర్చీ వేసుకున్నారు. ప్రశ్న ఒక్కటే. హంతకుడెవరు? సరిగ్గా చెప్పినవాడు చదివినట్టు లెక్క, అనర్హుడు.

మొదటివాడు ఆటో డ్రైవరు. "ఉప్పు దొర అయ్యుంటాడు సార్."

త్రిపురాంతకం గారు ఆటో డ్రైవరు వైపు వంగారు. "సరియైనదేనా?"

"సార్, మీకు తెలీదా?" అంది జ్యోతి.

"నాకెట్లు తెలియును? పరీక్షాధికారి చదివియుండరాదు."

"మరి జవాబు ఎవరు దిద్దుతారు సార్?"

ఆయన ఓ నిమిషం ఆలోచించారు. ఆ నిమిషంలో ఏమైనా తేలుతుందేమో అని జ్యోతికి చిన్న ఆశ కలిగింది. తర్వాత ఆయన కలం తీసి, 'అభ్యర్థి తడుముకోకుండా జవాబిచ్చినాడు. ఈ ధైర్యము చదివినవానికే ఉండును' అని రాసి ఆటో డ్రైవరుని తీసేశారు. ఆ తర్వాత ఊళ్ళో తెలివైనవాళ్ళంతా నీళ్ళు నమలడం నేర్చుకుని పాసైపోయారు.

ఈ హడావిడిలో రచయిత దగ్గర్నుంచి ఓ ఉత్తరం వచ్చింది. తన పుస్తకం గురించి తనకీ ఓ అభిప్రాయం ఉందనీ, పరిశీలించమనీ. జవాబు ఆ రోజే వెళ్ళింది. తాము సదరు పుస్తకాన్ని రాసే క్రమంలో చదివినట్టు రుజువవుతున్నందున తమ అభిప్రాయం స్వీకరించలేకపోతున్నామని, చదవకుండా రాసి ఉంటే పరిశీలించేవారమని.

మంగరాజు గారు కూడా అర్జీ పెట్టుకున్నారు. మిగిలిన నలభై ఎనిమిది పేజీలు చదువుకోనివ్వండి, ఆపరేషన్ ఉంది అని. త్రిపురాంతకం గారు ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, అర్జీ రెండుసార్లు చదివారు. అర్జీలు చదవడానికి ఆయనకే అభ్యంతరమూ లేదు.

"మీరు పాక్షిక పఠితులు. అనగా చదివినవారు కారు, చదవనివారును కారు. నిబంధనలలో మీకు స్థానము కల్పించబడలేదు."

"అది నాకు అలవాటేనండి," అన్నారు మంగరాజు గారు.

"అయినను ఒక మార్గమున్నది. తొంబది దినములలో మీరు చదివినదంతయు మరచిపోయినచో, అపఠితులుగా నమోదు చేయవచ్చును."

"మర్చిపోయే వయసేనండి నాది. కానీ నేను మర్చిపోయినా వాడు గుర్తు చేస్తాడండి. పొద్దున్న లేవగానే, ఒరే మంగా, గాలి తగ్గిందేటి అని అడుగుతున్నాడు. బయట గాలి కాదండి. పుస్తకంలో గాలి."

"వాడు అనగా?"

"మా సూరండి."

"మీకు బంధువా?"

కొండబాబు తుడుస్తున్న బల్లని తుడవడం మానేశాడు.

"ఆ గడిలో ఇన్నాళ్ళూ రూమ్మేటు అనే రాశానండి," అన్నారు మంగరాజు గారు. "రాసుకోండి."

త్రిపురాంతకం గారు రాసుకున్నారు. బంధుత్వం లేనందున అత్యవసర పరిశీలన వీలు కాదని కింద ఇంకో వాక్యం కలిపారు.

ఆ రోజు నుంచి జ్యోతి తిండి మానేసి తిరిగింది. బస్టాండు, ఐస్ ఫ్యాక్టరీ, సెలూను, పెళ్ళి భోజనాల పంక్తి, దేన్నీ వదల్లేదు. ఆ ఒక్క వాక్యమే చెప్పడం, నోరు నొక్కుకోవడం. 'పోలయ్య మంచివాడండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. చదవలేదని గర్వంగా చెప్పి, ఉంచమని విసుగ్గా చెప్పేవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పోగేసింది. ఇరవయ్యో తారీకు పొద్దుటికి వంద ఫారాలు పూర్తయ్యాయి. యాభై 'తొలగించాలి', యాభై 'ఉంచవచ్చు'. జ్యోతి కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. కొండబాబు టీ తెచ్చి పెట్టి, "నేనైతే ఉంచమనే రాశానండి. నా ఫారమే మొదటిది," అని చెప్పాడు.

మధ్యాహ్నం మూడింటికి త్రిపురాంతకం గారు తుది పరిశీలనకి వచ్చారు. మూడున్నరకి డెబ్బై ఎనిమిదో ఫారం మీద వేలు పెట్టారు. సెలూను ఓనరుది, 'ఉంచవచ్చు'. ఆయన భార్య మొదటి నలభై ఒక్క మందిలో ఉంది. అన్నం వడ్డిస్తూ ఆవిడ మొదటి హత్య ఆయనకి చెప్పినట్టు పక్కింటివాళ్ళ సమాచారం.

"భోజన సమయమున శ్రవణము. అనర్హుడు."

నలభై తొమ్మిది.

"సార్, ఇప్పుడే ఇంకొకర్ని తీసుకొస్తాను! బోలెడు మంది ఉన్నారు సార్!"

"తెచ్చుటకు అభ్యంతరము లేదు. కాని ధ్రువీకరణ?"

పశువుల డాక్టరు గారు పొద్దున్నే మేనల్లుడి పెళ్ళికి వెళ్ళిపోయారు. గడువు సాయంత్రం ఐదింటికి. చిత్తు కాగితాల వ్యాను అప్పటికే బయట నిలబడి ఉంది. త్రిపురాంతకం గారు చెడ్డ మనిషి కాదు, గోడ గడియారం చూసి ఆయనకీ కాస్త బాధ కలిగినట్టే ఉంది. నిబంధనల పుస్తకం తిరగేసి తిరగేసి, ఓ చోట ఆగి, వికసించిన మొహంతో తలెత్తారు.

"గ్రంథాలయోద్యోగులకు గెజిటెడ్ ధ్రువీకరణ అక్కరలేదు. స్వీయ ప్రకటన చాలును. అటెండరు ఇదివరకే ఇచ్చియున్నాడు. మీరున్నారు గదమ్మా!"

"నేనా సార్?"

"మీరే. గ్రంథపాలకులు చదవరని డైరెక్టరేటునకు పూర్ణ విశ్వాసము. ఇదిగో, సంతకము చేయుడు. 'నేను ఈ పుస్తకమును చదవలేదని ప్రమాణపూర్వకముగా ప్రకటించుచున్నాను. అసత్యమని తేలినచో ఉద్యోగమునుండి తొలగింపునకు బాధ్యురాలను.' కింద, ఉంచవచ్చునో, తొలగించవలెనో గీత పెట్టుడు. ఉంచవచ్చునన్నచో ఈ క్షణమే సీలు విప్పెదను."

జ్యోతి పెన్ను తీసుకుంది. ఆ ఊళ్ళో నరసన్ననీ పోలయ్యనీ మొదట చదివింది తను. ముందుగా పంపిన ఆ నలభై ఒకటిలో మొదటి అభిప్రాయం కింద తన పేరే ఉంది, ఆ కట్ట ఆయన ఎదురుగా ఉన్న ఫైల్లోనే ఉంది. ఈయన తిప్పి చూడకపోవచ్చు. ఆడిట్‌వాళ్ళు ఏదో ఓ రోజు చూస్తారు.

అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. లోపల ఓ ముసలాయన, గళ్ళ లుంగీ, నల్లకళ్ళజోడు, ఒళ్ళో ఆసుపత్రి సంచి. పక్కనుంచి మంగరాజు గారు దిగి తలుపు దగ్గరికి వచ్చారు. విశాఖపట్నం బస్సు రాత్రి ఎనిమిదింటికి.

"ఎక్కుతానన్నాడమ్మా. కానీ ముందు ఇక్కడికి తీసుకురమ్మన్నాడు. పుస్తకం వదిల్తే ఇక్కడే ఈ మెట్ల మీద కూర్చుని చదువుతాను. లేకపోతే ఆటో వెనక్కి ఇంటికే తిప్పమంటున్నాడు."

జ్యోతి చేతిలో కాగితం ఆయన చూశారు. తలకిందులుగానే చదివేశారు, ఫారాలతో బతికిన గుమాస్తా కదా.

"వద్దమ్మా," అన్నారు, త్రిపురాంతకం గారికి వినబడకుండా. "అది రాయకండి. రూమ్మేటని రేషన్ కార్డులో ఓసారి రాశాం, ఓటర్ల జాబితాలో రాశాం, అద్దె కాగితాల్లో రాశాం. ఓసారే కదా అనుకుంటాం. తర్వాత అన్నిచోట్లా అదే రాయాల్సొస్తుంది. రేపు ఆసుపత్రి వాళ్ళు అడుగుతారు, ఏమవుతాడని. మళ్ళీ అదే రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. మీరు చిన్నపిల్ల. ఎంతో ఇష్టపడి చదివారు. చదవలేదని మాత్రం రాయకండి."

ఆటోలోంచి గొంతు వినిపించింది. జబ్బు మనిషి గొంతులా లేదు, టగ్గు మీంచి ఒడ్డుకి కేకేసినట్టుంది.

"ఒరే మంగా! ఏటి సెప్తన్నావు ఆ గుంటకి? అమ్మా, ఆడి మాటినకు! ఆడు బతుకంతా బయపడే బతికినాడు. రాసీ అమ్మా, ఏటవుద్ది? కాయితమే కదా! నానీ పూట ఆసుపత్రికెళ్తన్నాను, తిరిగొస్తానో రానో. ఆ పోలయ్య ఒడ్డుకొచ్చీసినాడా లేదా నాకు తెలవాల!"

"ఎవరది?" అన్నారు త్రిపురాంతకం గారు గడియారం చూసుకుంటూ. "ఐదు కావచ్చుచున్నది. త్వరపడుడు."

వ్యాను డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. కొండబాబు సీలు విప్పడానికి ఓ చేతిలో కత్తి, వ్యానులో వేయడానికి ఇంకో చేతిలో గోనెసంచి పట్టుకుని, ఏది వాడాలో చెప్పమన్నట్టు జ్యోతి వంక చూస్తున్నాడు. మంగరాజు గారు తల అడ్డంగా ఊపుతున్నారు. సూరి ఆటోలోంచి చెవి ఇటు పెట్టి కూర్చున్నాడు. పెన్ను గీత మీద ఆనింది, ఇంకా కదల్లేదు.

మీరు ఇంతసేపూ విన్నారు కదా. ఆ పెన్ను మీ చేతిలో ఉంటే, చెప్పండి, మీరేం రాస్తారు?